కళ్లంలో పందిరి, తోటలో బంతి

బెజవాడ నుంచి నూజివీడు వెళ్లే దారిలోనూ, ఇటు గుంటూరు చుట్టుపక్కల మెట్ట ఊళ్లలోనూ ఇంకా మిగిలిన పాత మామిడితోటలకు ఒక గుర్తుంటుంది. బావి గట్టు మీదో, తోట మొదట్లోనో ఒంటరిగా ఓ పెద్ద ఉసిరిచెట్టు. కాయల కోసమైతే వరసల్లో వేసేవాళ్లు. అది కార్తీకం కోసం వేసింది. ఊళ్లోవాళ్లు వనభోజనాలకు వచ్చే తోటకు ఉసిరి లేకపోతే కుదరదు. దీపం పెట్టాలన్నా, విస్తరి వేయాలన్నా దాని నీడ పడాలి. తోటలు ఫంక్షన్లకు ఇవ్వడం హైవే పక్కన లాన్లు వచ్చాక మొదలైందని చాలామంది అనుకుంటారు. ఆ ఉసిరిచెట్టు వయసెంతో మన వైపు ఆ అలవాటు వయసూ అంతే. అప్పట్లో అద్దె అడిగేవాళ్లు లేరు, అంతే తేడా.

కార్తీకమే ఎందుకంటే, మామిడికి అది ఖాళీ నెల. కాయ కోత జూన్‌కల్లా అయిపోతుంది. తొలకరికి ఎండు కొమ్మలు కొట్టి, పాదులు తవ్వి ఎరువు వేస్తారు. వానలు వెనకబట్టాక చెట్టుకు నీళ్లు బంద్. డిసెంబరు, జనవరిలో పూత దిగాలంటే అంతకు ముందు రెండు మూడు నెలలు నేల ఆరిపోవాలి. చెట్టు దాహంతో ఉంటేనే కొమ్మ చివర పూమొగ్గ కడుతుంది. ఆ రోజుల్లో నీళ్లు తగిలితే పూతకు బదులు ఎర్రటి లేత చిగురు వస్తుంది. చూడ్డానికి అందం, రైతుకు దండగ. అందుకని అక్టోబరు, నవంబరుల్లో తోటలో పనీ ఉండదు, కోసుకుపోవడానికి కాయా ఉండదు, తుపాను పట్టకపోతే బురదా ఉండదు. ఎంతమంది తిరిగినా చెట్టుకు పోయేదేం లేదు.

వనభోజనం పగలే ముగించడానికీ కారణం ఉంది. ఆ రోజుల్లో డెల్టాలో వరి ఈని ఉంటుంది, పొద్దుగూకితే దీపపు పురుగులు లేస్తాయి. పచ్చగా, నువ్వుగింజంత ఉండే దోమలు వేలకు వేలు లైటు చుట్టూ తిరిగి అన్నంలో రాలతాయి. రాత్రి భోజనం తప్పనప్పుడు పాతవాళ్లు ఓ ఉపాయం చేసేవాళ్లు. భోజనాల బంతి వేసేచోట చిన్న దీపాలు పెట్టి, వంద అడుగుల అవతల పెట్రోమాక్స్ లైటు వేలాడదీసి కింద నీళ్ల గంగాళం పెట్టేవాళ్లు. పురుగంతా అటే పోయి నీళ్లలో పడేది. ఈ రోజున లాన్ల వాళ్లు స్టేజీ మీద తెల్లటి ఫ్లడ్‌లైట్లు వేసి, పురుగులెందుకు వస్తున్నాయని మందు కొట్టిస్తున్నారు. పక్కన వరిచేను ఉన్నంత కాలం ఎంత మందు కొట్టినా దండగే. లైటు రంగు పసుపుకు మార్చి, దూరాన ఓ తెల్లలైటు పెడితే సగం బాధ తీరుతుంది.

తోటలో కూర్చోబెట్టే లెక్క కూడా చెట్ల వరసలే చెబుతాయి. మామిడి పది మీటర్ల ఎడంలో వేస్తే ఎకరానికి 40 చెట్లు. రెండు వరసల మధ్య సందు 33 అడుగులు. ఒక వరసలో అయిదు చెట్లంటే నాలుగు సందులు, 132 అడుగుల పొడవు. మనిషికి రెండడుగుల చోటిస్తే ఒక పక్క 66 విస్తళ్లు, ఎదురెదురుగా రెండు పక్కలా కలిపి ఒక బంతికి 132 మంది. వడ్డించేవాళ్లు నడవడానికి మధ్యలో అయిదడుగులు వదలాలి. అంతకన్నా ఇరుకైతే సాంబారు బకెట్టు ఎవరో ఒకరి భుజానికి తగులుతుంది. ముదిరిన తోటలో పైన కొమ్మలు కలిసిపోతాయి కాబట్టి పందిరి ఖర్చు కూడా ఉండదు.

పెళ్లి మాత్రం తోటలో తక్కువ, పంట నూర్చే కళ్లంలో ఎక్కువ. నల్లరేగడి ఊళ్లలో చదునుగా, గట్టిగా, వెయ్యిమంది పట్టే నేల కళ్లం ఒక్కటే. చేలో ఎక్కడ చూసినా వేసవికి నెర్రెలు పడి కాలు దూరేంత సందులుంటాయి. కళ్లం చేయడమంటే చిన్న పని కాదు. మెరక మూల చూసి గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, ఎడ్లతో తొక్కించి, దిమ్మిసతో కొట్టి, పైన పేడనీళ్లతో రెండు మూడు పూతలు అలకాలి. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది. పేడ పూత లేకపోతే మట్టి పొడి లేచి గింజలో కలుస్తుంది. వరి నూర్పిడి సంక్రాంతి దాటాక అయిపోతుంది. మాఘం ముహూర్తాలకు కళ్లం ఖాళీ. గింజ కోసం అలికిన నేలే పీటల మీద కూర్చునేవాళ్లకూ పనికొచ్చేది.

గుంటూరు మిరప ఊళ్లలో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోత మీద కోత, కళ్లమంతా ఎర్రగా కాయే. ఫాల్గుణంలో పెళ్లి పెట్టుకుంటే ఇంటి ముందు వీధే గతి. వైశాఖానికి ఖాళీ అయినా మిరప కళ్లాన్ని ఉత్తినే ఊడ్చి పందిరి వేయకూడదు. గింజలూ, తొక్క పొడీ నేల పగుళ్లలో ఉండిపోతాయి. నలుగురు నడిచేసరికి ఘాటు లేచి పురోహితుడితో సహా అందరికీ తుమ్ములు, పారాణి పెట్టుకున్న పాదాలు మంట. రెండుసార్లు నీళ్లు కొట్టి, ఊడ్చి, కొత్తగా పేడతో అలికితేనే అది పెళ్లికి పనికొస్తుంది.

తాటాకు పందిరి గురించి ఇప్పుడు అడిగేవాళ్లు కూడా లేరు గానీ, మళ్లీ వేయించాలనుకునే వాళ్ల కోసం నాలుగు మాటలు. ఆకు కోసిన రోజే కప్పకూడదు. పచ్చి ఆకు ఆరేకొద్దీ ముడుచుకుపోయి సందులు పడతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన దుంగలు పెట్టి వారం అణిచి ఉంచితే చదునవుతుంది. కట్టడానికి తాటినార రాత్రంతా నానాలి. పొడినార ముడి వేసేటప్పుడే తెగుతుంది. రాటలకు సరుగుడు బాదులు. పది అడుగుల రాటకు రెండడుగుల గొయ్యి చాలు గానీ, రేగడిలో అక్కడే మోసం వస్తుంది. తవ్విన మట్టి పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. అదే వేసి కూరితే రాట ఆడుతుంది. నీళ్లు పోసి తొక్కితే ఆ పూటకు బిగుస్తుంది, ఎండకు ఆరగానే మట్టి కుదించుకుపోయి రాట చుట్టూ వేలంత సందు. గోతిలో ఇసుకా ఇటుకముక్కలూ వేసి కూరడం ఒక్కటే దారి. ముహూర్తపు రాటకు నవధాన్యాలు, పాలు, పసుపు, మామిడిరెమ్మ ఎటూ ఉంటాయి. ఆ తర్వాత మేస్త్రి దాన్ని పట్టుకుని ఒకసారి ఊపి చూసేవాడు. మిగతా రాటల లోతు ఆ ఊపుతో తేలేది.

వేసవి సాయంత్రాల ఈదురుగాలికి తాటాకు పందిరి తట్టుకున్నట్టు షామియానా తట్టుకోలేదు. ఆకుల సందుల్లోంచి గాలి పోతుంది. గుడ్డ మాత్రం తెరచాపలా పొంగి రాటలతో సహా లేస్తుంది. జల్లు పడి రేగడి నానిందంటే ఇనుప మేకులు వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేస్తాయి. తుపాను సంగతి వేరు. 1990 మే 9న మచిలీపట్నం వైపు తీరం దాటినది ఇలా పెళ్లిళ్ల రోజుల్లోనే వచ్చింది. అప్పుడు పందిళ్లూ మిగల్లేదు, చెట్టున కాయా మిగల్లేదు.

ఇక గాడిపొయ్యి, అంటే నేలలో పొడుగ్గా గాడిలా తవ్విన పొయ్యి. ఎన్ని చెప్పినా కళ్లం పెళ్లి ఆయువుపట్టు అదే. అయిదు పెద్ద వంట గుండిగలకు పన్నెండు నుంచి పదిహేను అడుగుల పొడవు, మూరెడు వెడల్పు, మూరన్నర లోతు. గుండిగ అడుగు కన్నా గాడి వెడల్పయితే మంట రెండు పక్కలా తప్పించుకుపోతుంది. అంచు నల్లబడుతుంది, మధ్యలో అన్నం పలుకుగానే ఉంటుంది. మరీ లోతైతే గాలి ఆడక పొగ చుట్టుకుంటుంది. మన వైపు వేసవి సాయంత్రం పైరగాలి దక్షిణం నుంచి వీస్తుంది. అందుకని పొయ్యి పందిరికి ఉత్తరాన, కనీసం ముప్పై అడుగుల దూరంలో, మూతి దక్షిణానికి పెట్టి తవ్వేవాళ్లు. గాలి తనంతట తానే మంటను లోపలికి తోస్తుంది, పొగా నిప్పురవ్వలూ తాటాకు వైపు రావు. గాలి మరీ ఎక్కువైతే మూతికి అడ్డంగా ఓ రేకు.

కట్టెల్లోనూ వరస ఉంది. ఎసరు మరగడానికి పత్తికట్టె. భగ్గుమని మండుతుంది, నిప్పు మిగలదు. ఉడుకు నిలబెట్టడానికి నల్లతుమ్మ మొద్దులు. మిరపకట్టె వాడితే కాయలు దులిపి మరీ వేయాలి. పది కాయలున్నా ఆ పొగకు వంటవాళ్లు పొయ్యి వదిలి పారిపోతారు. బియ్యం కిందటేడాదివి కావాలి, కొత్తబియ్యం ముద్దవుతుంది. కూరలు, పప్పు, పులుసు, పెరుగుతో బంతి భోజనానికి వందమందికి 12 నుంచి 15 కిలోల బియ్యం, 4 కిలోల కందిపప్పు చూసుకునేవాళ్లు. ఇప్పుడు ఐటాలు ముప్పై దాటడంతో అదే వందమందికి పది కిలోలు వండినా మిగిలిపోతోంది. గంజి వార్చిన అన్నం చాపల మీద తడిగుడ్డ పరిచి రాశి పోసేవాళ్లు. గుండిగలోనే వదిలేస్తే అడుగుది మెత్తబడి పాడవుతుంది. ఆ తెల్లటి రాశి మీద ఆవిరి తేలుతుంటే, పక్కన దప్పళంలో గుమ్మడిముక్క తెడ్డుకు తగిలి మెత్తగా విరిగే దృశ్యం చూసినవాళ్లకు బఫే బల్లల మీద అన్నం అన్నంలా కనిపించదు.

నీళ్ల దగ్గర చాలా పెళ్లిళ్లు తడబడేవి. తోటబావి నీళ్లు చెట్టుకు బాగానే ఉంటాయి, పప్పు మాత్రం ఆ ఉప్పునీళ్లలో ఎంత మండించినా ఉడకదు. వైశాఖ, జ్యేష్ఠాల్లో కృష్ణా కాలువలు కట్టేసి ఉంటాయి. ఊరి మంచినీళ్ల చెరువు నుంచి పీపాలతో బండ్ల మీద తోలుకోవాల్సిందే. చెరువునీళ్లు తేరడానికి పీపా లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి ఓ పూట కదపకుండా ఉంచేవాళ్లు. మట్టి అడుక్కు దిగుతుంది. తొందరపడి కలిపారా, మళ్లీ మొదటికి వస్తుంది. ఆకులూ పూలూ కూరలూ మాత్రం ఏటి పక్క జరీబు భూముల నుంచి, కొల్లిపర, దుగ్గిరాల వైపు అరటితోటల నుంచి వచ్చేవి.

వచ్చిన బండ్లకూ చోటు కావాలి గదా. జత ఎడ్లకు రోజుకు దగ్గర దగ్గర పదిహేను కిలోల ఎండుగడ్డి, కుడితి తొట్టి, కట్టేయడానికి గుంజలు. కళ్లం పక్కనే గడ్డివాము ఉండేది కాబట్టి మేతకు ఎక్కడికీ వెతుక్కోనక్కర్లేదు. అయిదు రోజుల పెళ్లి మూడు రోజులై, ఒక రోజుకు వచ్చేసరికి వాము తగ్గడం కూడా తగ్గింది. పెళ్లి లేని రాత్రుల్లో అదే కళ్లంలో హరికథ, బుర్రకథ, పద్యనాటకం. రెండు బండ్లు కాడి దించి ఎదురెదురుగా నిలబెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, పైన బల్లలు పరిస్తే స్టేజీ. బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్‌ది గుంటూరు పక్క పొన్నెకల్లే, 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆ కళ బతికింది ఇలాంటి ఆరుబయటి నేలల మీదే.

మామిడితోటలో వేసవి పెళ్లి ఎందుకు అరుదో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. పూత చూసో పిందె చూసో తోట గుత్తకు ఇచ్చేస్తారు. కాయ దిగేదాకా తోట గుత్తదారుదే, కాపలా గుడిసె అతనిదే. సొంతదారు కూతురి పెళ్లికైనా అతన్ని అడగాల్సిందే. అతను ఒప్పుకున్నా చెట్టు ఒప్పుకోదు. పూతలో తేనెమంచు పురుగు ఉంటే ఆకుల మీంచి జిగట తుంపర రాలుతుంది. కుర్చీలూ, జంపఖానాలూ, జరీ అంచులూ అన్నీ అంటుకుంటాయి, దాని మీద మసి పడుతుంది. కాయ దశలో తొడిమ తెగినచోట కారే సొన చర్మాన్ని కాలుస్తుంది, పట్టుచీర మీద పడితే మరక పోదు. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమల సంగతి సరేసరి, ఒక్క గూడు రాలితే చాలు మేళగాళ్లు లేస్తారు. తోటలో వేసవి ఫంక్షన్ చేయాలనుకునేవాళ్లు పూతకు ముందే మందు కొట్టించి, పందిరి మీదికి వంగిన కొమ్మల కాయ నాలుగైదు రోజుల ముందే కోయించుకోవాలి.

పంపకాల్లో అన్నదమ్ములు చేలు పంచుకున్నా బావి, డొంక, కళ్లం ఉమ్మడిగానే వదిలేసేవాళ్లు. ఒకరి పెళ్లికి అందరి నేల. కొన్ని ఊళ్లలో కళ్లం అసలు ఎవరిదీ కాదు, రికార్డుల్లో కళ్లం పోరంబోకు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ కళ్లంలో తాళి కట్టించుకుని బండెక్కిన ఆడపిల్లకు పసుపుకుంకుమ కింద ఓ ఎకరం రాసిస్తే రాసిచ్చినట్టు, పుట్టింటి ఆస్తిలో హక్కని అడగడానికి లేదు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. 2005 కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. ఇవాళ తోట ఫంక్షన్లకు లీజుకివ్వాలంటే ఆడబడుచుల సంతకాలు కూడా అడుగుతున్నది అందుకే. పాత జ్ఞాపకాల్లో అన్నీ తీపే అంటే ఒప్పుకోలేం.

కళ్లం పోయింది వరికోత మిషన్లతో. గింజ చేలోనే ట్రాక్టరెక్కుతుంటే అలికే పనేముంది? ఆరబోయడానికి తారురోడ్డు చాలు. కళ్లాలున్న మెరక మూలలు ఇళ్ల స్థలాలయ్యాయి. పెళ్లి ముందు ఏసీ హాళ్లకు పోయి, ఆ తర్వాత "నేచురల్‌గా ఉండాలి" అంటూ మళ్లీ పొలానికే వచ్చింది. తాడేపల్లి నుంచి కాజ, నంబూరు దాకా, అటు గన్నవరం, కంకిపాడు వైపు పొలాలు లాన్లయ్యాయి. మామిడితోట ఉన్నవాళ్లు చెట్లు ఉంచి కింద కొరియన్ గడ్డి వేశారు. ఫోటోలకు అంతకన్నా బాగుండేది ఉండదు. కష్టమంతా ఆ గడ్డితోనే.

గడ్డికి రోజూ తడి కావాలి, మామిడికి అక్టోబరు నుంచి ఎండు కావాలి. ఒకే నేల, రెండింటి వేళ్లూ అక్కడే. కార్తీక, మార్గశిరాల బుకింగుల కోసం స్ప్రింక్లర్లు తిరుగుతుంటే చెట్టు చిగురు మీద చిగురు వేస్తుంది, పూత పలచబడుతుంది. రెండు మూడేళ్లు చూసి "తోట ముదిరిపోయింది, కాపు లేదు" అని కొట్టేస్తారు. చెట్టుకు రోగమేమీ లేదు. మామిడికి తిండి తెచ్చే పీచువేళ్లు కొమ్మల నీడ అంచున, పైన రెండడుగుల మట్టిలో ఉంటాయి. సరిగ్గా అక్కడే కార్లు నిలబెడతారు. 200 కార్లకు దారులతో కలిపి అయిదువేల చదరపు మీటర్లు, అంటే ఎకరంపావు. పాత లెక్కన 50 మామిడిచెట్ల చోటు. చక్రాలు తొక్కిన రేగడి రాయిలా బిగుస్తుంది, గాలీ నీరూ దిగవు. గడ్డి, చెట్టు రెండూ కావాలంటే నీడ అంచుకు ఒక అడుగు అవతల దాకా గడ్డి వేయకుండా ఆకుల మల్చింగ్ వదలాలి, డ్రిప్పు వేరుగా పెట్టాలి, కార్లకు చెట్లు లేని మూలను గరుసు తోలి చదును చేసుకోవాలి. రేగడి మీద నేరుగా గడ్డి పరిస్తే మొదటి వానకే కుర్చీ కాళ్లు దిగబడతాయి. కింద ఇసుక, ఎర్రమట్టి కలిపి అరడుగు, నీళ్లు జారడానికి కొంచెం వాలు ఉండాలి. మ్యాటు పరిస్తే మర్నాడు పొద్దున్నే తీసేయాలి, రెండు రోజులుంటే కింద గడ్డి పసుపు తిరుగుతుంది.

కరెంటు, కాగితాల సంగతి క్లుప్తంగా. వ్యవసాయ కనెక్షన్ నుంచి స్టేజీకి వైరు లాగితే తనిఖీలో దొరుకుతారు, కమర్షియల్ మీటరు వేరే తీసుకోవాలి. ఏ చేలో ఏ పంటో రాసే అడంగల్‌లో మామిడి అని ఉండి నేల మీద హాలు ఉంటే, రద్దు కాకముందు 2006 భూమి మార్పిడి చట్టం కింద కట్టాల్సినవి జరిమానాతో మీద పడిన సందర్భాలు తక్కువేం కాదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు బంద్ అన్నది 2000 నాటి శబ్ద నిబంధన. అర్ధరాత్రి ముహూర్తాలకు సన్నాయి, డోలు మైకు లేకుండా ఎంత బాగుంటాయో ఆ నిబంధన పుణ్యాన ఇప్పటివాళ్లకూ తెలిసొస్తోంది.

ఏటి పక్కన లాన్లు వేసినవాళ్లది ఇంకో కథ. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. కరకట్ట లోపల అరటి, కూరగాయలు వేసే రైతుకు ఆ ఏడు పంట పోయినా పడిన ఒండ్రు మరుసటి పంటకు ఎరువు. అదే ఒండ్రు అంగుళం మందాన పేరుకుంటే లాన్ గడ్డి ఊపిరాడక చస్తుంది, చెక్కి తీసి మళ్లీ పరవాల్సిందే.

వనభోజనాలు మాత్రం పోలేదు. కార్తీకం ఆదివారాలు లాన్లకు ఇంకా గిరాకీయే. తోట కొట్టి లాన్ చేసినచోట ఉసిరిచెట్టు ఉండదు కాబట్టి, కడియం నర్సరీల మొక్క ఒకటి పెద్ద కుండీలో తెప్పిస్తారు. స్టేజీ పక్కన, ఎండ తగలకుండా షామియానా కింద పెడతారు. దాని నీడ ఒక్క విస్తరికైనా సరిపోదు. ఆడవాళ్లు కుండీ చుట్టూ ముగ్గు వేసి, వంతులవారీగా దీపాలు పెట్టి, సెల్‌ఫోన్‌లో పెట్టుకున్న కథ వింటారు. నాలుగింటికి డెకరేషన్ కుర్రాళ్లు వస్తారు. వత్తులు ఆర్పి, ప్రమిదలు పక్కకు జరిపి, కుండీని వ్యాన్ ఎక్కిస్తారు. సాయంత్రం ఇంకో లాన్‌లో దానికి ఇంకో బుకింగ్ ఉంది.